రెండు ప్రదర్శనల మధ్య

సోమవారం మా గ్యాలరీకి సెలవు.
లోపల నేనూ, ఒక పుట్టీ డబ్బా,
నూట పదకొండు మేకు రంధ్రాలూ.

గోడలకు చెవులుంటాయంటారు,
మా గోడకున్నవి గాయాలు.
ప్రతి ప్రదర్శన అయ్యాకా పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది,
పైన తెల్లరంగు పూస్తాను
ఇక్కడేమీ జరగనట్టు.

ఇరవై ఆరేళ్లుగా అదే తెలుపు.
ఓసారి తలుపు పక్కన పెచ్చు ఊడితే
పొరలు లెక్కపెట్టబోయి మధ్యలో తప్పిపోయాను.
గది ఏటా వెంట్రుకవాసి ఇరుకవుతోందని
ఫిలమీనాకి చెబితే, తలెత్తకుండానే అంది:
"అద్దె మాత్రం ఆ లెక్కన తగ్గదులే."

ఫిలమీనా మా డైరెక్టరు.
జీతం పూటకి, పని రెండు పూటలకి.
సెయింట్ జాన్స్ రేవు మీద పొగమంచు దిగినా లేచినా
ఆమె కిటికీ దగ్గర దరఖాస్తు రాస్తూనే ఉంటుంది.
సమాజం మీద మీ ప్రభావాన్ని
అంకెల్లో చూపండి, అంటుంది కాగితం.

అంకెలకి నా జేబులో ఒక యంత్రం ఉంది,
బొటనవేలితో నొక్కితే టిక్కుమంటుంది.
వానకి తలదాచుకున్నవాడు ఒకటి.
ఓడ దిగొచ్చి "ఇది ఎంత?" అని అడిగి,
ఇక్కడేదీ అమ్మమంటే
మోసపోయినట్టు చూసిన పెద్దమనిషి ఒకటి.
ఒకే చిత్రం ముందు నలభై నిమిషాలు నిలబడి
ముక్కు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయిన అమ్మాయి
ఆమె కూడా ఒకటే.

ఇది ఒకప్పుడు ఉప్పుచేపల గిడ్డంగి.
ముసురు పట్టిన రోజు నేల చెక్కలు
ఇంకా ఆ సంగతే చెబుతాయి.

పోయిన నెల మాంట్రియల్ నుంచి ఓడెట్ వచ్చి
గది నిండా నీలి వల కట్టి వెళ్లింది.
నాలుగు నెలలు అల్లిందట, ఒక్కతే.
నేను పక్కన బోర్డు పెట్టాను: ముట్టుకోరాదు.

రెండో రోజు లియాండర్ వచ్చాడు.
చేపలవేట ఆపెయ్యమన్న ఏడాది పడవ అమ్మేసి
అప్పట్నుంచీ ఏ గది వెచ్చగా ఉంటే ఆ గదికి పోయే మనిషి.
వల చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు.
"ఈ ముడి జారుతుంది" అన్నాడు.
"చేప దాకా ఎందుకు, నీళ్లే నవ్వుతాయి."
బోర్డు చదివాడు. చదివి,
కోటు జేబులోంచి చెక్కసూది తీశాడు.

నేను ఆపాలి. ఆపడానికే నాకు గంటకింతని ఇస్తారు.
ఆపలేదు.
ఒక్క ముడి వేశాడు, పిల్లాడి చొక్కా గుండీ పెట్టినంత మెల్లగా.

రాత్రి ఓడెట్‌కి ఫోన్ చేసి చెప్పాను.
అటువైపు చాలాసేపు ఏమీ లేదు, ట్రామో రైలో పోయిన చప్పుడు.
ఆనక అంది:
"రేపు ఆయనకి కుర్చీ వెయ్యండి."

పందొమ్మిది రోజులు
ఆమె ముడి విప్పాడు, తన ముడి వేశాడు.
బళ్లోంచి వచ్చిన పిల్లలు బల్లలొదిలి నేల మీద కూర్చున్నారు.
టీ మేమే ఇచ్చాం, అది ఖర్చుల పద్దులో ఉంది.
ఆయన ఏ పద్దులో ఉండాలో ఫిలమీనాకి తోచలేదు.
సందర్శకుడా? కళాకారుడా? మరమ్మతా?

గోడ మీది చీటీలో పేరు వేస్తామంటే ఒప్పుకోలేదు.
"వల మీద ఎవడైనా పేరు రాసుకుంటాడా?
అది తేలే బిరడా మీద రాసేది."
మర్నాడు ఓడెట్ పంపిన పార్సిల్లో
ఉత్త బిరడా ఒకటి వచ్చింది, పేరేమీ లేకుండా.
దాన్ని కూడా జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

వల ఇప్పుడు పెట్టెలో, ఇంకో ఊరి దారిలో.
నూట తొమ్మిది రంధ్రాలు పూడ్చాను.

అద్దం మీద ఎవరో తడుతున్నారు.
సెలవని చేత్తో చెప్పాను. ఆయనా చేత్తోనే, తెలుసన్నాడు.
లోపలికొచ్చి, తడి ఆరని తెల్లగోడకి ఎదురుగా
తన కుర్చీ తనే లాక్కున్నాడు.
"ఇదేం బొమ్మ?"
"ఇంకా రాలేదు. గురువారం వస్తుంది."
"సరే" అన్నాడు, టోపీ తీసి మోకాలికి తొడిగి.

అలవాటు కొద్దీ నా బొటనవేలు నొక్కింది.
సోమవారం ఖానాలో
ఆ ఒకటిని రాసే చోటు లేదు.